‘కనెక్టెడ్’ అంది సరే, ఎవరితో?

మా దుకాణంలో పలికే హెడ్‌ఫోన్ ఒక పెద్దాయన ఇంట్లో పలకదు. కేసు మొత్తం ఈ ఒక్క వాక్యమే. దీన్ని తేల్చడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది. ఆ పదిహేడు రోజుల్లో పెద్దాయన పలుమార్లు కౌంటర్ దగ్గరికి వచ్చారు, నేను ఆయన ఫోనులో చేయకూడని పని ఒకటి చేశాను, చివరకు తెల్లవారుజామున అయిదు గంటలకు ఒక ఫోను కాల్‌లో అసలు సంగతి బయటపడింది. పద్నాలుగేళ్లుగా హనుమకొండలో మొబైల్ సర్వీసింగ్ చేస్తున్నవాణ్ని. ఇంత చిన్న వస్తువు నన్ను ఇంతగా తిప్పడం ఇదే మొదటిసారి. ఈ రంగంలో కొత్తగా కూర్చునే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. మనుషుల వివరాలు కొన్ని మార్చాను. కంపెనీల పేర్లు అవసరం లేదు, ఎందుకంటే తప్పు ఏ కంపెనీదీ కాదు.

నేపథ్యం

కస్టమర్ అరవై దాటిన పెద్దమనిషి, ఉద్యోగ విరమణ చేశారు. భార్యాభర్తలిద్దరే ఉంటారు. కూతురు వేరే రాష్ట్రంలో ఉంటుంది. నిరుడు ఆమె నాన్నకు చెవులను పూర్తిగా కప్పే రకం బ్లూటూత్ హెడ్‌ఫోన్ పంపింది. మొన్న దసరాకు వచ్చినప్పుడు కొత్త ఫోను కూడా కొనిచ్చి, ఇంట్లో వైఫై పెట్టించి వెళ్లింది.

ఈయన పొద్దున నాలుగున్నరకు లేస్తారు. పాత పాటలు, పురాణ ప్రవచనాలు వినడం అలవాటు. ఆ వేళకు ఇల్లాలు ఇంకా నిద్రలో ఉంటారు కాబట్టి హెడ్‌ఫోన్ కావాలి. అదీ అసలు అవసరం. కేసు రాసేటప్పుడు ఈ సంగతి ముందే రాయాలని ఇప్పుడు అనిపిస్తోంది గానీ, అప్పట్లో నేను అడగనే లేదు. ఆయన దుకాణానికి వచ్చేది మధ్యాహ్నం పన్నెండు గంటలకు. సమస్య వచ్చేది తెల్లవారుజామున. నేను పన్నెండు గంటల హెడ్‌ఫోన్‌ను పరీక్షిస్తూ కూర్చున్నాను.

వచ్చిన ఫిర్యాదు

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన అన్నది ఇది: “కొత్త ఫోనుకు ఇది కలవడం లేదు బిడ్డా.” మా కుర్రాడు హెడ్‌ఫోన్ పవర్ బొత్తాన్ని నీలం, ఎరుపు లైట్లు మార్చి మార్చి వెలిగేదాకా నొక్కిపట్టి పెయిరింగ్ మోడ్‌లో పెట్టాడు. ఫోనులో బ్లూటూత్ తెరిచి, కనబడిన పేరు మీద నొక్కి జత చేశాడు. పాట మోగింది. రెండు నిమిషాల పని. డబ్బు తీసుకోలేదు. జాబ్ కార్డు (రిపేరుకు వచ్చిన వస్తువు వివరాలు రాసుకునే కాగితం) కూడా రాయలేదు. అది రాసి ఉంటే, ‘ఇంతకుముందు దేనితో వాడారు?’ అనే గడి ఒకటి అందులో ఉంది.

మూడో రోజు మళ్లీ వచ్చారు. ఈసారి మాట మారింది: “ఇక్కడ పలికింది, ఇంటికి పోయాక పలకడం లేదు. పాట ఫోనులోంచే వస్తోంది. ఆవిడ నిద్ర లేస్తోంది.” దానికి తోడు ఇంకో మాట అన్నారు: “ఛార్జింగ్ కూడా ఆగడం లేదు. పొద్దున నిండుగా ఉంటుంది, సాయంత్రానికి ఖాళీ.”

ఈ రెండో మాట నన్ను పక్కదారి పట్టించింది. సర్వీసింగ్ వాడికి బ్యాటరీ అనే మాట వినబడితే చాలు, చెవులు అటే తిరుగుతాయి. బ్యాటరీ ముసలిదైతే లోడు పడగానే వోల్టేజీ జారి బ్లూటూత్ తెగిపోవచ్చు. వినడానికి చక్కగా అతికింది. హెడ్‌ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టి, నింపి, మా టెస్టింగ్ ఫోనుకు కలిపి మూడు గంటలు ఆపకుండా పాటలు పెట్టాను. చెక్కుచెదరలేదు. బ్యాటరీ కాదు అని అక్కడితో తేలాలి. తేలింది కూడా. కానీ ‘మరి సాయంత్రానికి ఎలా ఖాళీ అవుతోంది?’ అన్న ప్రశ్నను మాత్రం జవాబు లేకుండానే వదిలేశాను. ఫిర్యాదులో ఒక ముక్క మన ఊహకు సరిపోకపోతే, తప్పు కస్టమర్ చెప్పడంలో ఉందనుకోవడం మాకు అలవాటు. ఛార్జర్ సరిగ్గా గుచ్చి ఉండరు అనుకున్నాను.

ఆ రోజు ఆయన ఫోనులో హెడ్‌ఫోన్ పేరు తీసేసి మళ్లీ జత చేశాను. ఆ పేరు పక్కన ఉండే అమరికల్లో కాల్స్‌కు, మీడియాకు వేరువేరుగా ఉండే మీటలు చూశాను. మీడియా మీట ఆపి ఉంటే ఫోను ‘కనెక్ట్ అయింది’ అంటూనే పాటను తన స్పీకర్‌లో వినిపిస్తుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలా వాటికి అదే కారణం. ఇక్కడ రెండూ వేసే ఉన్నాయి. ఇవన్నీ చేయకముందు, ఆయన తేగానే ఒకసారి హెడ్‌ఫోన్ వేసి చూశాను. ఒక ఎనిమిది తొమ్మిది సెకన్లు నీలం లైటు మినుకుమంది, తర్వాత ఆడగొంతు ‘కనెక్టెడ్’ అంది, పాట మోగింది.

ఆ ఎనిమిది సెకన్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మామూలుగా జత అయి ఉన్న హెడ్‌ఫోన్, ఫోను పక్కనే ఉంటే, రెండు మూడు సెకన్లలో కలుస్తుంది. ఇది ఆలస్యం చేస్తోందని నాకు కనబడింది. పాత మోడల్ కదా అనుకున్నాను.

మూడో రాక, నా తప్పు

వారం తిరిగేసరికి మళ్లీ అదే ఫిర్యాదు. ఇప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, మొహమాటం ఉంది. మొహమాటపడే కస్టమర్ ముందు నాకు చేతులు ఆగవు, ఏదో ఒకటి చేసి చూపించాలనిపిస్తుంది. ఫోనులో నెట్‌వర్క్ రీసెట్ కొట్టాను. వైఫై, మొబైల్ డేటా, బ్లూటూత్ అమరికలన్నీ మొదటికి వస్తాయి. జత చేసిన వస్తువుల పట్టిక చెడిపోయి ఉంటే ఇది బాగుచేస్తుంది.

అప్పటి నా తర్కం ఇలా సాగింది: హెడ్‌ఫోన్ మా టెస్టింగ్ ఫోనుతో మూడు గంటలు పనిచేసింది, కాబట్టి హెడ్‌ఫోన్ మంచిదే. అంటే తప్పు ఆయన ఫోనులో ఉంది. కానీ అదే ఫోను, అదే హెడ్‌ఫోన్ నా బల్ల మీద కూడా పనిచేస్తున్నాయి కదా! ఫోనులో తప్పుంటే ఇక్కడా కనబడాలి. ఆ మాట అప్పుడు తట్టలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను. ఇంకా చెప్పాలంటే, అసలు గోరు పెట్టాల్సిన చోటే అది కాదు.

ఫలితం: ఇంటికి వెళ్లేసరికి ఫోనుకు వైఫై పోయింది. పాస్‌వర్డ్ కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం రోజూ మాట్లాడే వీడియో కాల్ ఆగిపోయింది. పెద్దాయన భయపడి, మామూలు కాల్ చేసి కూతురిని అడిగి, ఆమె చెప్పిన అంకెలూ అక్షరాలూ ఒక కాగితం మీద రాసుకుని, మర్నాడు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అది నాలుగో రాక. హెడ్‌ఫోన్ గురించి కాదు, నేను పోగొట్టినదాన్ని తిరిగి పెట్టించుకోవడానికి. అప్పటి నుంచి మా దుకాణంలో నియమం: రీసెట్ కొట్టే ముందు ఏమేం పోతాయో కస్టమర్‌కు గట్టిగా చదివి వినిపించాలి, ‘సరే’ అన్నాకే వేలు పెట్టాలి.

డాబా మీద పలికింది

పాస్‌వర్డ్ ఎక్కిస్తూ అడిగాను: ఇంట్లో ఎక్కడ కూర్చుని వింటారు? ముందుగదిలో. రౌటర్ ఎక్కడ? అదే గదిలో, టీవీ పక్కన. నాకు దారి దొరికినట్టయింది. చాలా వైఫై రౌటర్లు, బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో పట్టీలో మాట్లాడతాయి. రౌటర్ వచ్చింది దసరాకు, సమస్య వచ్చింది దసరా తర్వాత. “సార్, రేపు పొద్దున ఒక్కసారి డాబా మీదికి వెళ్లి విని చూడండి” అన్నాను.

మర్నాడు ఫోను చేశారు. “పలికింది బిడ్డా! మొత్తం ప్రవచనం విన్నాను. చలికి వణికాను గానీ, పలికింది.”

పరీక్ష నా ఊహను నిజం చేసింది. అయినా ఊహ తప్పు. ఇలాంటప్పుడే అసలైన మోసం జరుగుతుంది. డాబా మీదికి వెళితే రౌటర్ దూరమవుతుంది, నిజమే. కానీ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ దూరమవుతుంది. ఒక్క రౌటర్‌ను మాత్రమే దూరం చేసే పరీక్ష నేను పెట్టలేదు. రౌటర్ ప్లగ్గు తీసి ముందుగదిలోనే వినమని చెప్పి ఉంటే అరగంటలో తేలిపోయేది.

పైగా నాకు తెలిసిన విషయాన్నే నేను మరిచిపోయాను. మామూలు బ్లూటూత్ ఒక్క ఛానెల్ పట్టుకుని కూర్చోదు. 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి, రద్దీగా ఉన్న ఛానెళ్లను గుర్తించి వాటిని వదిలేసి గెంతడం కూడా నేర్చుకుంది. రౌటర్ అడ్డం వస్తే పాట తెగుతుంది, బొంగురుపోతుంది, ఆగి ఆగి వస్తుంది. పెద్దాయన ఏనాడూ ‘తెగుతోంది’ అనలేదు. ‘రావడం లేదు’ అన్నారు. తెగడం వేరు, రాకపోవడం వేరు. గాలిలో రద్దీ మొదటిదాన్ని తెస్తుంది, రెండోదాన్ని కాదు. ఆ మాట విని కూడా రౌటర్‌ను వంటింటి గోడ వైపు మార్పించాను. ఒక రోజు చూశారు. ఫలితం లేదు.

రెండు పరీక్షలు, రెండు జవాబులు

ఇక నా పరువు సమస్య అయింది. మా దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన హెడ్‌ఫోన్ ఒకటి ఆయన ఫోనుకు జత చేసి ఇచ్చి, రెండు రోజులు ఇంట్లో వాడి చూడమన్నాను. రెండు పొద్దులూ ముందుగదిలోనే చక్కగా పలికింది.

ఇప్పుడు నా నోటు పుస్తకంలో ఉన్నవి ఇవి. ఆయన హెడ్‌ఫోన్ ఆయన ఫోనుతో దుకాణంలో పనిచేస్తుంది. వేరే హెడ్‌ఫోన్ ఆయన ఫోనుతో ఇంట్లో పనిచేస్తుంది. ఆయన హెడ్‌ఫోన్ ఆయన ఫోనుతో ఇంట్లో పనిచేయదు. డాబా మీద పనిచేస్తుంది. మొదటి వాక్యం ప్రకారం హెడ్‌ఫోన్ మంచిది. రెండో దాని ప్రకారం ఫోనూ మంచిదే, ఇల్లూ మంచిదే. అన్నీ మంచివే అయితే చెడు ఎక్కడుంది?

మా కుర్రాడు తన సలహా చెప్పాడు: “అన్నా, ఆయనకు కొత్త హెడ్‌ఫోన్ అమ్మేద్దాం. అది పనిచేస్తుందని మనకు తెలుసు.” వ్యాపారపరంగా తప్పు లేని మాట. చాలా కౌంటర్లలో ఈ కేసు ఇక్కడే ముగుస్తుంది. కస్టమర్ డబ్బు పెట్టి పరిష్కారం కొనుక్కుంటారు, పాతది అలమారలో పడుతుంది, తప్పు ఏమిటో ఎవరికీ తెలియదు. నేను పెద్దాయనతో ఆ మాట అన్నాను కూడా. ఆయన హెడ్‌ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గరి మెత్తను బొటనవేలితో ఒకసారి రుద్ది, “అమ్మాయి పంపింది కదా” అన్నారు. అంతే. ఇక అమ్మకం మాట ఎత్తలేదు.

ఆ రాత్రి షట్టరు దించాక కూర్చుని ఆలోచిస్తే ఒక్కటే మిగిలింది: ఈ హెడ్‌ఫోన్‌కూ ఆ ఇంటికీ మధ్య ఏదో ఉంది. నేను ఎరగని మూడోది. వేరే హెడ్‌ఫోన్‌కు దానితో పరిచయం లేదు, ఈ హెడ్‌ఫోన్‌కు ఉంది. నిజానికి రెండోసారి వచ్చినప్పుడే అడిగాను, “ఇంట్లో ఇంకో ఫోనుకు ఇది కలిసి ఉందా సార్?” అని. “ఆవిడ ఫోను ఉంది గానీ అది బొత్తాల ఫోను. దానికి ఇవన్నీ రావు” అన్నారు. ఆ జవాబుతో ఆ తలుపు మూసేశాను.

తెల్లవారుజామున అయిదింటికి

పక్కన ఉండి చూస్తే తప్ప తెలియదని, రేపు పొద్దున మొదలుపెట్టే ముందు నాకు ఫోను చేయమన్నాను. చేశారు. స్పీకర్ పెట్టించాను. అటు వైపు నిశ్శబ్దం. దూరంగా కాజీపేట వైపు ఏదో రైలు కూత.

“సార్, రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. చేస్తున్నదల్లా నాకు చెప్పండి.”

“పెట్టెలోంచి తీశాను. బొత్తాం నొక్కాను. తలకు పెట్టుకున్నాను.” కాసేపు ఆగారు. “ఆ… కనెక్టెడ్ అంది.”

“ఫోనులో బ్లూటూత్ గుర్తు నీలంగా ఉందా?”

“ఇంకా వేయలేదు బిడ్డా. రాత్రి ఆపేసి పడుకుంటాను కదా, ఛార్జింగ్ పోతుందని. ఇదిగో, ఇప్పుడు వేస్తాను.”

“ఆగండి సార్! వేయకండి. వేయకండి!”

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఆయన ఫోనులో బ్లూటూత్ ఆపి ఉంది. అయినా హెడ్‌ఫోన్ ‘కనెక్టెడ్’ అంది. అంటే అది కలిసింది ఆయన ఫోనుతో కాదు. ఆ ఆడగొంతు ఇన్నాళ్లూ అబద్ధం చెప్పలేదు. ఎవరితో కలిసిందో చెప్పలేదు, అంతే. మేమిద్దరం మాకు కావలసిన అర్థం తీసుకున్నాం.

“సార్, ఈ హెడ్‌ఫోన్ నిరుడు వాడిన పాత ఫోను ఎక్కడుంది?”

“అదా? అందులో సిమ్ము లేదు కదా. ఆవిడ దేవుడి గదిలో పెట్టుకుంది, స్తోత్రాలు వింటుంది. అది ఇప్పుడు ఫోను కాదు.”

అది ఇప్పుడు ఫోను కాదు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. ‘ఇంట్లో ఇంకో ఫోను ఉందా’ అని అడిగాను, ఆయన దృష్టిలో లేదు. సిమ్ము తీసేసిన నాడే అది ఫోను కావడం మానేసింది. రాత్రింబవళ్లు ఛార్జింగ్‌లో ఉంటుంది, బ్లూటూత్ ఏనాడూ ఆపలేదు, ముందుగదికి ఒక్క గోడ అవతల. చంకలో పిల్లవాడిని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే, కాకపోతే చంక ఆయనది, వెతికింది నేను.

లోపల జరుగుతున్నది

రెండు బ్లూటూత్ వస్తువులు జత అయినప్పుడు ఒకే రహస్య సంఖ్యను రెండూ దాచుకుంటాయి. ఒకే రూపాయి నోటును చించి చెరో సగం దాచుకున్నట్టు. మర్నాడు కలిసినప్పుడు ముక్కలు అతికితే అడగకుండానే మాట కలుస్తుంది. హెడ్‌ఫోన్ దగ్గర ఇలాంటి సగాలు చాలా ఉండగలవు. ఈ హెడ్‌ఫోన్ దగ్గర, మా టెస్టింగ్ ఫోనుది కాక, రెండు ఉన్నాయి: పాత ఫోనుది, కొత్త ఫోనుది. మేము కొత్త ఫోనుకు జత చేసినప్పుడు పాతది చెరిగిపోలేదు. పక్కన చేరింది.

బొత్తాం నొక్కగానే ఈ రకం హెడ్‌ఫోన్ చివరిసారి ఎవరితో కలిసిందో వారిని ముందు పిలుస్తుంది. పలకకపోతే పట్టికలో తర్వాతి వారిని. ఒక పిలుపుకు జవాబు కోసం బ్లూటూత్ ప్రమాణంలో మామూలుగా ఉంచే గడువు 5.12 సెకన్లు. పెద్దాయన ముందు హెడ్‌ఫోన్ వేస్తారు, తర్వాత తీరిగ్గా ఫోనులో బ్లూటూత్ వేస్తారు. ఆ మధ్య సమయంలో హెడ్‌ఫోన్ కొత్త ఫోనును పిలిచి, జవాబు లేక, పాత ఫోనును పిలుస్తుంది. అది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది కాబట్టి వెంటనే పలుకుతుంది. ఇది ఒకేసారి రెండింటితో కలవగలిగే రకం కాదు. ఇక ఎన్నిసార్లు నొక్కినా కొత్త ఫోనుకు చోటు లేదు. ఒక్కరోజు ఇలా జరిగితే చాలు, ‘చివరిసారి కలిసింది’ పాత ఫోనే అవుతుంది. మర్నాటి నుంచి మొదటి పిలుపే దానికి వెళుతుంది.

దుకాణంలో ఎనిమిది సెకన్లు పట్టినదానికి అర్థం ఇప్పుడు తెలిసింది. నా బల్ల మీద అది ముందు పాత ఫోనును పిలుస్తోంది. అది ఎక్కడో దేవుడి గదిలో ఉంది. అయిదు సెకన్లు చూసి, నిరాశపడి, అప్పుడు ఎదురుగా ఉన్న కొత్త ఫోను వైపు తిరుగుతోంది. నేను చూస్తూ కూర్చున్నది నెమ్మదితనాన్ని కాదు, వెతుకులాటను.

డాబా సంగతీ అంతే. ఇలాంటి వస్తువుల బ్లూటూత్ సుమారు పది మీటర్లు అందుతుంది, మధ్యలో గోడలూ స్లాబూ ఉంటే అంత కూడా అందదు. దేవుడి గది నుంచి డాబా మీదికి అందలేదు.

ఇంటికి వెళ్లి చూసినప్పుడు

ఆ ఆదివారం వెళ్లాను. ఫోనులో చెప్పి సరిచేయించవచ్చు గానీ, పదిహేడు రోజులు తప్పుగా ఊహించినవాడిగా కళ్లతో చూడాలనిపించింది. ఇల్లాలు పాత ఫోను తెచ్చి ఇచ్చారు. అద్దం మీద ఒక మూల కుంకుమ అంటి ఉంది. హెడ్‌ఫోన్ వేయించాను. ‘కనెక్టెడ్’. పాత ఫోను పైన మూలలో చిన్న హెడ్‌ఫోన్ బొమ్మ కనబడింది.

పాత ఫోనులో బ్లూటూత్ ఆపి, హెడ్‌ఫోన్ ఆపి వేశాను: కొత్త ఫోనుకు కలిసింది. మళ్లీ పాతదానిలో బ్లూటూత్ వేసి, పెద్దాయన వరుసలోనే చేశాను: పాతదానికి పోయింది. మూడుసార్లు అటూ ఇటూ చేశాను. అంతకుముందు సమస్యను మాయం చేయడం నాకు మూడుసార్లు చేతనైంది, మూడుసార్లూ కారణం తెలిసిందనుకున్నాను. సమస్యను కావాలనుకున్నప్పుడు తిరిగి రప్పించడం మాత్రం ఇదే మొదటిసారి.

అప్పుడు ఆమె మెల్లగా అన్నారు: “అయితే నా ఫోను పాడవలేదా?”

ఏమైందమ్మా అని అడిగితే చెప్పారు. కొన్ని వారాలుగా పొద్దున ఆరింటికి సహస్రనామం పెడితే ఆ ఫోను మూగగా ఉంటోంది. తెర మీద అక్షరాలు కదులుతాయి, శబ్దం రాదు. స్పీకర్ పోయిందనుకుని పుస్తకం చూసి చదువుకుంటున్నారు. ఈయనకు చెప్పలేదు, ‘ఈయన హెడ్‌ఫోన్ గొడవలోనే ఉన్నారు’ అని. పాట రాక విసిగి ఆయన తీసి బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్‌లో, ఎవరి చెవులూ లేకుండా, సహస్రనామం మోగుతూ ఉంది. కలిసి ఉన్నంతసేపు అది తనంతట తాను ఆగిపోదు. సాయంత్రానికి ఛార్జింగ్ ఖాళీ అవడానికి కారణం కూడా దొరికింది.

ఏం చేశాను, ఎందుకు అలా

నాలుగు దారులు ఉన్నాయి. పాత ఫోనులో బ్లూటూత్ ఆపేయడం అన్నిటికంటే తేలిక. కానీ పండక్కి మనవరాలు వచ్చి ఒక్కసారి వేస్తే కథ మొదటికి వస్తుంది. పాత ఫోను పట్టికలోంచి హెడ్‌ఫోన్ పేరు తీసేయడం రెండోది. అప్పుడు పాత ఫోను దగ్గరి సగం ముక్క పోతుంది గానీ హెడ్‌ఫోన్ దగ్గరి సగం ఉంటుంది. పిలవడం మానదు, పలకకపోవడం మాత్రం జరుగుతుంది. మూడోది, హెడ్‌ఫోన్‌నే మొదటికి తేవడం. నాలుగోది, పెద్దాయన అలవాటు మార్చడం: రాత్రి బ్లూటూత్ ఆపకండి, దానివల్ల పోయే ఛార్జింగ్ చాలా తక్కువ అని ఒప్పించడం.

నాలుగోదాన్ని అయిదు నిమిషాలు ప్రయత్నించాను. ఆయన వింటూ తల ఊపుతూనే ఉన్నారు. కళ్లలో నమ్మకం లేదు. గది దాటితే లైటు ఆపే తరం అది. ఆ అలవాటుతో నేను పోట్లాడదలచుకోలేదు. అలవాటు ఉన్నా పనిచేసే ఏర్పాటు కావాలి.

కాబట్టి రెండోదీ మూడోదీ కలిపి చేశాను. హెడ్‌ఫోన్‌ను రీసెట్ చేశాను. ఈ మోడల్‌లో రెండు బొత్తాలు కలిపి పది సెకన్లు పట్టుకోవాలి, మిగతా మోడళ్లలో వేరుగా ఉంటుంది, దానితో వచ్చే కాగితంలో చూడాలి. ఈసారి కొట్టే ముందు ఏం పోతుందో ఇద్దరికీ చెప్పాను. పాత ఫోనులోంచి పేరు తీసేశాను. కొత్త ఫోనులోంచి కూడా తీసేసి, మళ్లీ ఒక్కదానికే జత చేశాను. ఇప్పుడు పెద్దాయన ఎంత ఆలస్యంగా బ్లూటూత్ వేసినా హెడ్‌ఫోన్‌కు వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఆయన వరుసలోనే అయిదుసార్లు చేయించాను. అయిదుసార్లూ కలిసింది. తర్వాత ఇల్లాలి ఫోనులో సహస్రనామం పెట్టాం. ముందుగదిదాకా వినిపించింది.

రెండు నెలల తర్వాత ఒకసారి ఫోను చేసి అడిగాను. సంక్రాంతికి మనవరాలు తన ట్యాబ్‌కు కలుపుకుందట. మర్నాడు పొద్దున మళ్లీ పలకలేదట. “ట్యాబ్‌లో తీసేసి, రెండు బొత్తాలు పది సెకన్లు పట్టుకున్నాను” అన్నారాయన, అదేదో మామూలు సంగతి అయినట్టు.

దీని తర్వాత మా దగ్గర మారినవి

జాబ్ కార్డు ఇప్పుడు ఉచితంగా చేసే పనికి కూడా రాస్తున్నాం. ‘ఇంకో ఫోను ఉందా?’ అన్న ప్రశ్న తీసేశాను. దాని బదులు, ‘ఇంట్లో తెర వెలిగేవి ఏమేమి ఉన్నాయి? సిమ్ము లేనివి, పగిలినవి, పిల్లలు ఆడుకునేవి, టీవీ, అన్నీ చెప్పండి’ అని అడుగుతాం. మొదట్లో కస్టమర్లు నవ్వుతారు. లెక్కపెట్టడం మొదలుపెట్టాక నవ్వు ఆగుతుంది. మొన్న పరకాల నుంచి వచ్చిన ఒకాయన ఏడు చెప్పారు.

ఇంట్లో మాత్రమే వచ్చే తప్పు అయితే బల్ల మీద గంటలు ఖర్చు చేయడం లేదు. అది వచ్చే వేళకే ఫోను చేయమంటాను, ‘ఏం చేస్తున్నారో చెప్పండి’ అని వింటాను. ‘ఇలా చేయండి’ అని ముందుగా చెప్పను. నేను చెప్పి ఉంటే, అలవాటుగా ‘ముందు బ్లూటూత్ వేయండి’ అనేవాణ్ని. ఆ ఒక్క మాటతో ఆధారం చెరిగిపోయేది.

ఇక డబ్బు సంగతి. ఆదివారం ఇంటికి వెళ్లినందుకు ఇస్తామన్నారు. వైఫై పోగొట్టినవాణ్ని నేనే కాబట్టి తీసుకోలేదు. టీ తాగుతుంటే ఇల్లాలు పాత ఫోనును చీర చెంగుతో తుడుస్తూ, దాని అద్దం మూల చిన్న పగులు ఉంది, మార్చడానికి ఎంత అవుతుందని అడిగారు. చెప్పాను. ఆమె ఆయన వైపు చూశారు. ఆయన, “సిమ్ము కూడా లేనిదానికి అంత ఎందుకు?” అన్నారు.

మర్నాడు పదకొండింటికి ఆయనే ఆ ఫోను తెచ్చి కౌంటర్ మీద పెట్టారు.